మూడుసార్లు తడిసిన మూట

ఎండాకాలం సెలవులు పిల్లలకు పండగ, మేష్టర్లకు విశ్రాంతి. మేష్టరు పెండ్లానికి మాత్రం అవి ఏటేటా వచ్చే పరీక్ష. ఈ సంగతి నాకు కాపురానికి వచ్చిన మొదటి ఏడాదే తెలిసింది. మార్చి నెలాఖరున మా ఆయన గంగాధరప్ప చొక్కా జేబులోంచి జీతం తీసి నా చేతిలో పెట్టి, "జాగ్రత్తగా వాడు లక్ష్మీ. మళ్లీ వచ్చేది జూలైలోనే" అన్నాడు. పరాచికాలాడుతున్నాడనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. కాసేపటికి నేనూ ఆపేశాను.

మాది కన్నడ రాష్ట్రంలో ఇళ్లలో తెలుగు మాట్లాడే పావగడ తాలూకాలో, మంగళవాడకు అవతల ఉన్న మెట్ట ఊరు. వేరుశనగ పండితే తింటుంది, పండకపోతే ఆకాశం చూస్తుంది. సర్కారు బడి ఏడో తరగతితో ఆగిపోవడంతో, పిల్లలు పై చదువులు మానేస్తున్నారని నలుగురు పెద్దలు కమిటీగా కూడి ఒక హైస్కూలు పెట్టారు. మా ఆయన అందులో లెక్కలు, సైన్సు చెప్పేవాడు. సర్కారు గ్రాంటు రేపో మాపో వస్తుందని కమిటీవాళ్లు అంటుండేవాళ్లు. అది వచ్చేదాకా పిల్లల ఫీజుల్లోంచే జీతాలు. పిల్లలు బడికి రాని ఏప్రిల్, మే నెలల్లో ఫీజులూ లేవు, జీతాలూ లేవు. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఎవరినైనా తప్పుపట్టే వీలుంటే తిట్టుకుంటూనైనా నాకు కొంచెం మనశ్శాంతిగా ఉండేది.

కమిటీవాళ్లూ, మిగతా మేష్టర్లూ బడి పరువు కోసం బయటపెట్టేవాళ్లు కాదు కాబట్టి ఊరివాళ్లకు ఈ తేడా తెలియదు. సర్కారు బడి మేష్టర్లకు పన్నెండు నెలలూ జీతం వస్తుంది కాబట్టి మా ఆయనకూ వస్తుందనుకునేవాళ్లు. మా వైపు జీతాన్ని అందరూ కన్నడంలో లాగా సంబళం అంటారు. "మేష్ట్రుకేమప్పా, కాలు మీద కాలేసుకోని కూసున్నా సంబళం వస్తాది. పెట్టి పుట్టినాడు" అని బస్టాండులో అనుకునేవాళ్లు. ఆ మాట ఊరంతా పాకడానికి పెద్ద కారణం మా అత్త ఓబమ్మ.

మా అత్త వెంకటమ్మనహళ్లి వైపు గొర్రెలు కాసిన మనిషి. మామ పోయాక మందను ఒంటిచేత్తో మేపి, చివరికి ఆ మందనే అమ్మి కొడుకును తుమకూరు పంపి బి.ఇడి. చదివించింది. ఆ వంశంలో నెలకొకసారి డబ్బు చేతికొచ్చిన మొదటి మనిషి మా ఆయన. కాబట్టి ఆమెకు కొడుకు కంటే కొడుకు సంబళం మీద ప్రేమ కొంచెం ఎక్కువేనేమోనని నాకు అనుమానంగా ఉండేది. దారిన పోయేవాళ్లను గడప దగ్గరికి పిలిచి ఆకూవక్క పెట్టి మరీ చెప్పేది. "గొర్రెలకైతే ఎండాకాలం మేత లేక చచ్చేవాళ్లం. మా గంగాధరునికి ఆ బాధే లేదు. సెలవుల్లో గూడా సంబళమే."

ఆ మాట వింటూ కొడుకు తల వంచుకుని పుస్తకంలోకి చూసేవాడు. తల్లి మంద అమ్మి కొనిచ్చిన ఉద్యోగానికి రెండు నెలలు కరువని ఆమెకు చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. "అమ్మకు తెలిస్తే కుమిలిపోతాది లక్ష్మీ. ఊరికి తెలిస్తే అమ్మకు తెలుస్తాది. నువ్వు ఎవురికీ చెప్పొద్దు" అని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టును మోస్తూ నేను మూడు ఎండాకాలాలు ఈదాను.

ఎండాకాలమంటే పెళ్లిళ్ల కాలం, గుడిసెలు కప్పుకునే కాలం, బోర్లు తవ్వించే కాలం. మిగతా మేష్టర్లు సెలవులకు వాళ్ల ఊళ్లకు పోతే, చేతిలో డబ్బున్న మనిషి ఊరిలో మా ఆయన ఒక్కడే అని అందరి నమ్మకం. వచ్చి అడిగేవాళ్లు. ఆయన గొంతు సవరించుకుని, "బ్యాంకులో ఏసేసినానప్పా, గడువు తీరేదాకా తీసేదానికి కాదు" అనేవాడు. వాళ్లు వీధి మలుపు తిరగకముందే ఆయన్ను పిసినారి అనేవాళ్లు. మా వీధి చివర ఉండే హొన్నూరమ్మ అయితే మలుపుదాకా కూడా ఆగేది కాదు, మా గుమ్మంలోనే అనేది. మా ఆయన అన్నీ విని లోపలికొచ్చి మంచినీళ్లు తాగేవాడు. లేనివాడని తెలియడం కంటే ఉండి ఇవ్వనివాడని అనిపించుకోవడమే ఆయనకు నయమనిపించింది. మగవాళ్ల మర్యాద ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు.

ఇక నా పని. జీతం వచ్చిన నెలల్లో నేను డబ్బు దాచేదాన్ని కాదు. డబ్బు దాస్తే దానికి కాళ్లొస్తాయి. వస్తువులు దాచేదాన్ని. సంక్రాంతి దాటిందంటే నెలకు రెండు సబ్బులు, కొంచెం చింతపండు, ఒక డబ్బా రాగులు, ఒక సీసా కిరసనాయిలు పక్కన పెట్టేదాన్ని. ఇంటి అద్దె రెండు నెలలది ఫిబ్రవరిలోనే ముందుగా కట్టేసేదాన్ని. ఇంటి యజమాని నన్ను చూసి, ఇంత బుద్ధిమంతులు ఈ కాలంలో ఉంటారా అని మురిసిపోయేవాడు. చౌడప్ప అంగడిలో మాత్రం పప్పు, నూనె, బెల్లం, అత్తకు వక్క నెలనెలా తెచ్చుకుని ఒకటో తేదీన చెల్లించాలి. ఏప్రిల్ వచ్చిందంటే నూనె బొట్టు బొట్టుగా వేసేదాన్ని. అత్త అడిగితే "ఎండలకు నూనె పడదత్తా, వేడి చేస్తాది" అనేదాన్ని. పాపం, నమ్మేది.

ఎనభై ఆరులో ఈ ఏర్పాటంతా తల్లకిందులైంది. వరుసగా రెండేళ్లు వానలు ఎగ్గొట్టాయి. వేరుశనగ కాయ పట్టకముందే ఎండిపోయింది. కాయ లేకపోతే ఊళ్లో ఎవరి దగ్గరా డబ్బు లేదు. పిల్లల ఫీజులు రాలేదు. కమిటీవాళ్లు మార్చి జీతంలో సగమే ఇచ్చి చేతులు పట్టుకున్నారు. నేను దాచిన సరుకులు మే నెల మొదటి వారానికే అడుగంటాయి. అప్పుడు నేను కాటప్ప దగ్గరికి పోయి ఒలవడానికి ఒక మూట కాయలు ఇవ్వమని అడిగాను.

కాటప్ప మా ఊరి రైతు. తిండికి ఉన్నా లేకున్నా విత్తనం మాత్రం సిద్ధం చేసుకునే మనిషి. ఆ ఏడాది విత్తనానికని పెండ్లాం కమ్మలు కుదువబెట్టి అనంతపురం వైపునుంచి కాయలు తెచ్చుకున్నాడు. విత్తనం కాయను మిషనులో వేస్తే గింజ పగులుతుంది, మొలవదు. చేత్తోనే ఒలవాలి. అందుకని మే నెలలో మా ఊళ్లో ఆడవాళ్లు గుంపులుగా కూర్చుని డబ్బాకు ఇంత కూలి అని ఒలుస్తారు. ఒలిచే ముందురోజు సాయంత్రం మూటమీద ఒక చెంబు నీళ్లు చల్లి, పైన గోనెపట్టా కప్పుతారు. తెల్లారేసరికి పొట్టు మెత్తబడి వేలికి లొంగుతుంది. ఒక చెంబు, అంతే. ఎక్కువైతే గింజ నాని ఉబ్బుతుంది. అట్లాగే వదిలేస్తే మూటలోనే మొలకెత్తి, కుళ్లి, పనికిరాకుండా పోతుంది.

అందరూ వీధిలో కూర్చుని ఒలిస్తే నేను తలుపు గడియపెట్టి ఒలిచేదాన్ని. మేష్టరు పెండ్లాం కూలికి ఒలుస్తున్నదని తెలిస్తే మిగతాది ఊరే ఊహించుకుంటుంది గదా. కాటప్పను ఎవరికీ చెప్పొద్దన్నాను. పొట్టు బయట పోస్తే కనబడుతుందని పొయ్యిలో వేసి కాల్చేదాన్ని. మే నెల ఎండలో, మూసిన తలుపుల మధ్య, పొట్టు పొగలో మా ముగ్గురి పరిస్థితి ఎట్లా ఉండేదో చెప్పను. అత్తకు మాత్రం "చేతులు ఊరికే ఉంటే నాకు తోచదత్తా. గాజులకు అవుతాది గదా" అని చెప్పాను. ఆమె మూతి ముడిచింది. "సంబళం మనిషి పెండ్లానికి కూలేందమ్మా. ఎవురన్నా చూస్తే మావాడి మర్యాద ఏం గావల్ల" అంది. మా ఆయన మూట వైపు చూసేవాడే కాదు. పక్కగదిలో కూర్చుని, ఎవరూ అడగని లెక్కలు చేసుకునేవాడు. ఆ గది గోడ ఎత్తు నా నడుం దాకానే కాబట్టి ఆయన చూడకపోవడం నాకు బాగా కనబడేది.

మే నెల చివరి వారం. మొదటి రెండు మూటలు ఒలిచి ఇచ్చేసి, మూడోది పెద్దది తెచ్చుకున్నాను. ఆ పొద్దున బోరింగు దగ్గర వరసలో నిలబడి రెండు బిందెలు తెచ్చి దించి, గోనెపట్టా తీసి మూటలో చెయ్యి పెట్టాను. చెయ్యి మణికట్టు దాకా తడిసింది. కాయలు మెత్తబడటం కాదు, చిదిమితే నీళ్లు కారుతున్నాయి. ఒకటి ఒలిచి చూస్తే గింజ నున్నగా ఉబ్బి, ఎర్ర పొర వేలికి అంటుకుని వచ్చేసింది.

"ఇదో, ఈడికి రా. ఈ మూట మీద నువ్వేమన్నా నీళ్లు పోసినావా" అని కేకేశాను.

మా ఆయన వచ్చి నిలబడి చొక్కా గుండీలు సర్దుకున్నాడు. పిల్లలు హోంవర్కు తేకపోతే ఎట్లా నిలబడతారో అట్లా. "నువ్వు నిన్న చల్లడం మరిసిపోయినావేమో అనుకున్యా. తెల్లారి నువ్వు బోరింగు కాడికి పోయినాక ఒక బక్కెట్టు పోసినా."

"మరిసిపోయేదేంది? నిన్న దీపాలు పెట్టే యాళకు చెంబుడు చల్లినా గదా. నీకెందుకు వచ్చింది ఈ పని?"

"నీ బొటనేలికి గుడ్డ కట్టుకున్యావు. చూసినా. మెత్తగుంటే నొప్పి తక్కువుంటాది గదా అని."

ఈ మాట మామూలు రోజుల్లో అని ఉంటే నేను పది రోజులు సంతోషంగా ఉండేదాన్ని. ఆ రోజు మాత్రం తల గోడకు కొట్టుకోవాలనిపించింది. "చెంబు, బక్కెట్టు. అయినా ఇంత తడి ఎట్ల వచ్చింది" అని నేను గొణుక్కుంటుండగా గడప దగ్గరనుంచి అత్త గొంతు వినబడింది.

"నేను గూడా ఒక బిందె పోసినా."

ఇద్దరం తిరిగి చూశాం. ఆమె ఆకుకు సున్నం రాసుకుంటోంది. "రాత్రి మీరిద్దరూ పండుకోనుంటిరి గదా. ఎవురన్నా చూసే లోపల బిరబిరా ఒలిచేస్తే మర్యాదగా ఉంటాదని పోసినా. బిందెతో పోస్తే బాగా నానుతాది గదా" అంది.

రెండేళ్లుగా మా ఊరిమీద ఒక్క వాన సరిగ్గా పడలేదు. మా మూటమీద మాత్రం ఒక్క రాత్రిలో మూడు పడ్డాయి. ఒక ఇంట్లో ముగ్గురు మనుషులు ఒకరికొకరు చెప్పుకోకుండా బతికితే ఏమవుతుందో నాకు ఆ మూట చూస్తే అర్థమైంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కాటప్ప పెండ్లాం చెవులకు కమ్మల బదులు పెట్టుకున్న చీపురుపుల్లలు గుర్తొచ్చాయి. నవ్వు పోయింది.

దీనికి ఒక్కటే దారి ఉంది. మొలక కదలకముందే, ఎండ ముదిరేలోపల మూటంతా ఒలిచేసి, గింజలను నీడలో పలచగా పరిచి గాలికి ఆరబెట్టాలి. ఎండలో వేస్తే పొర ఊడిపోతుంది. మా ఇంట్లో పరచడానికి చోటు లేదు. "హైస్కూలు వరండా" అన్నాడు మా ఆయన. పొడుగాటి సిమెంటు వరండా, మూడు వైపులా గాలి, రోజంతా నీడ. సెలవులు కాబట్టి తాళాలు ఆయన దగ్గరే ఉన్నాయి.

మూటను సైకిలుకు కట్టి, పైన తన పంచె ఒకటి కప్పి, వెనక సందులోంచి తోసుకుంటూ పోయాడు. అప్పటికీ దాచడమే. "ఆరబెట్టుకోని వస్తాం" అని అత్తకు చెప్పి నేను వెనకాల పరిగెత్తాను. వరండాలో మూట కుమ్మరించాక దాని అసలు సైజు తెలిసింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. మా ఆయన కాయ పట్టుకోవడం మొదలుపెట్టాక నాకు ఇంకో సంగతి తెలిసింది. ఆ చేతులు సుద్దముక్క పట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరావు. నేను గుప్పెడు ఒలిచేసరికి ఆయన ఒకటి ఒలిచి, దాన్ని తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"ఇట్లయితే మూడు దినాలు పడతాది. రేపటికే ఇవి మొలకలొస్తాయి" అన్నాను.

"క్లాసు గది తలుపులేసుకోని మధ్యాన్నం దాకా ఒలుద్దాం. సాయంత్రం అమ్మను గూడా..."

"అమ్మను పిలిస్తే మాత్రం ముగ్గురమే గదా. ముప్పైమంది కావల్ల దీనికి."

ఆయన లేచి నిలబడ్డాడు. కుప్ప వైపు చూశాడు. వరండా చివర వేలాడుతున్న రైలుపట్టా ముక్క వైపు చూశాడు. అది బడి గంట. అది మోగితే ఊరి చివరి ఇంటికి వినబడుతుంది. నాకు ఆయన మనసులో మాట అర్థమైంది. మూడేళ్లు ఎవరికీ తెలియకుండా దాచింది, సగం కడుపుతో దాచింది, ఆ గంట కొడితే పది నిమిషాల్లో ఊరి ముందర ఉంటుంది. ఊరితో పాటు ఆయన తల్లి ముందర కూడా ఉంటుంది.

"అత్తకు తెలిసిపోతాది" అన్నాను.

"తెలవనీ. మన మర్యాద పోతే మనదే పోతాది. ఇది కాటప్ప సేను" అని పోయి ఇనుప కడ్డీ తీసుకున్నాడు.

నేను ఆ మనిషిని పెళ్లి చేసుకున్నది మా నాన్న చెప్పాడని. ఆ క్షణాన మాత్రం ఎవరూ చెప్పకపోయినా చేసుకునేదాన్నే అనిపించింది.

మే నెలలో బడి గంట మోగడం మా ఊరు ఎప్పుడూ వినలేదు. ముందు పిల్లలు వచ్చారు, ఏడుపు మొహాలతో. సెలవులు అయిపోయాయేమోనని వాళ్ల భయం. తర్వాత ఆడవాళ్లు, ఎవరింట్లోనో మంట లేచిందని బిందెలతో. హొన్నూరమ్మ వచ్చింది. చౌడప్ప అంగడి తెరిచిపెట్టి వచ్చాడు. మా అత్త కొంగు నడుముకు దోపుకుని, అందరినీ తోసుకుని వచ్చి స్తంభం పక్కన నిలబడింది. మేష్టరు మేష్టరులా లేడు. పంచె ఎగ్గట్టి, చేతులకు ఎర్ర పొరలు అంటించుకుని కాయల కుప్ప పక్కన ఉన్నాడు.

మా ఆయన నోరు తెరిచి అలవాటు కొద్దీ కన్నడంలో మొదలుపెట్టాడు. బడిలో ప్రార్థన అయినాక మాట్లాడేది ఎప్పుడూ కన్నడంలోనే గదా. రెండు ముక్కలు కూడా కాకముందే హొన్నూరమ్మ అడ్డుపడింది. "తెలుగులో చెప్పు సామీ. ఇప్పుడు బడి లేదు గదా."

దాంతో ఆయన దగ్గర ఉన్న ఆఖరి ముసుగు కూడా పోయింది. "ఇవి కాటప్ప ఇత్తనం కాయలు. మా ఇంట్లో ఒలిచేదానికి తెచ్చుకున్యాం. పొరపాటున నీళ్లు ఎక్కువైనాయి. మధ్యాన్నం లోపల ఒలిచి ఆరబెట్టకపోతే ఆయన సేను పోతాది. మీరంతా ఒక చెయ్యి వెయ్యల్ల" అన్నాడు.

"మీ ఇంట్లో ఒలిచేదేంది" అంది హొన్నూరమ్మ. "సంబళమొచ్చే ఇంట్లో కూలికి ఒలుస్తారా?"

అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన తల్లిని మాత్రం చూడకుండా, నేలను చూస్తూ చెప్పాడు. "నాకు ఎండాకాలం సంబళం రాదమ్మా. ఏప్రిల్ లేదు, మే లేదు. బడి నడిచిన నెల్లకే ఇస్తారు. మూడేండ్లుగా ఇంతే. ఈ తూరి మార్చిది గూడా సగమే వచ్చింది. అందుకే లక్ష్మి ఒలుస్తాది."

"ఒక రూపాయి గూడా రాదా?"

"రాదు."

"మరి బ్యాంకులో ఏసినా అంటివి?"

"బ్యాంకులో నాకు ఖాతానే లేదు."

హొన్నూరమ్మ చెంప మీద చెయ్యి పెట్టుకుంది. "అయితే నువ్వు గూడా మా మాదిరే. వానను నమ్ముకున్నోడివే" అంది. తర్వాత ఆమెకు తాను ఇన్నేళ్లు తిట్టిన తిట్లు గుర్తొచ్చినట్టున్నాయి. "పిసినారి అని నిన్ను ఎన్ని మాట్లంటి సామీ. అవన్నీ ఇప్పుడు యాడ పెట్టుకోవల్ల నేను? పక్కింటి తిమ్మన్నకు ఇచ్చేస్తా. వాడు నిజంగానే పిసినారి."

మొదట నవ్వింది తిమ్మన్న పెండ్లామే. దాంతో అందరూ నవ్వారు. నవ్వుతూనే కూర్చున్నారు. కుప్ప చుట్టూ కొంగులు పరుచుకున్నాయి, కాయలు టపటపా పగలడం మొదలైంది. పిల్లలు ఒలిచిన గింజలను తట్టల్లో తీసుకుపోయి వరండా చివరనుంచి పలచగా పరుస్తున్నారు. సెలవులు అయిపోలేదన్న సంతోషంలో వాళ్లు ఏ పని చెప్పినా చేసేటట్టున్నారు.

చౌడప్ప మా ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. "మేష్ట్రే, నాకు ఒకటి అర్థం కాలేదు. ఊర్లో అందరికీ నేను కాయ అమ్ముకున్నాకే ఇయ్యమని సరుకు ఇస్తా. ఏడాది దాకా అడగను. మిమ్మల్ని ఒక్కర్నే నెలనెలా ఎందుకు అడుగుతా? మీది సంబళం అని. ఈ మాట ముందే చెప్పింటే మిమ్మల్ని గూడా వాళ్లలోనే ఏసుకోని జూలై దాకా నోరెత్తేవాణ్ణి కాదు గదా."

నేను తలెత్తి మా ఆయన్ను చూశాను. ఆయన నన్ను చూడలేదు. మూడేళ్లు. సబ్బులను ముక్కలుగా కోసి వాడాను. నూనె వేడి చేస్తుందని అబద్ధాలాడాను. పప్పులో నీళ్లు కాదు, నీళ్లలో పప్పు వేసి వండాను. ఊళ్లో ప్రతి ఇంటికీ అడక్కుండానే దొరికే అరువు, మేం గొప్పవాళ్లం కాబట్టి మాకొక్కరికే దొరకలేదు. ఆ మనిషిని ఎవరూ చెప్పకపోయినా చేసుకునేదాన్నని ఇందాక అనుకున్నాను గదా, ఆ మాటను ఒక గంటపాటు వెనక్కి తీసుకున్నాను.

కాటప్ప పొలం దగ్గర గంట విని ఆలస్యంగా వచ్చాడు. తన విత్తనం చుట్టూ ఊరంతా కూర్చుని ఉండటం చూసి మెట్ల దగ్గరే ఆగిపోయాడు. మా ఆయన ఎదురుపోయి జరిగింది జరిగినట్టు చెప్పాడు. చెంబు, బక్కెట్టు, బిందె, మూడూ. మొలవకపోతే జీతం రాగానే విత్తనం కొనిస్తానన్నాడు. కాటప్ప పరిచిన గింజల్లో వంగి అక్కడొకటి ఇక్కడొకటి చిదిమి చూశాడు. "మొలక ఇంకా కదల్లేదు. ఆరితే నిలుస్తాది" అని, ఒలిచేవాళ్ల వైపు తిరిగి, "ఒలిచేది ఒలవండి గానీ తినేది ఆపండి తల్లీ. ఈ లెక్కన నాకు పొట్టే మిగిలేటట్టుండాది" అన్నాడు. తర్వాత జూలైలో ఆ చేను బాగానే మొలిచింది. ఆ పైన వాన ఏం చేసిందన్నది కాటప్పకూ ఆకాశానికీ మధ్య సంగతి.

ఇంతసేపూ మా అత్త స్తంభం వదల్లేదు. నోట్లో ఆకు నమలడం కూడా ఆపేసింది. మా ఆయన కాటప్పతో మాట్లాడుతూ, పిల్లలకు పని చెబుతూ, మధ్యమధ్యలో ఆమె వైపు చూసి వెంటనే చూపు తిప్పుకుంటున్నాడు. కాటప్ప భయం తీరింది గానీ ఆయన అసలు భయం అక్కడే నిలబడి ఉంది. చివరికి పోయి ఆమె ముందర నిలబడ్డాడు. ఒలిచే చేతులు అన్నీ నిదానించాయి.

"అమ్మా, నీ మందంతా అమ్మి నన్ను సదివిస్తివి. నీకెట్ల చెప్పేది..."

"గొర్రెలు పోతే పోయినాయిలేరా" అంది ఆమె. కోపంగానే అంది. "నా చేతులు యాడికి పోయినాయి?"

మా ఆయనకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"ముప్పై ఏండ్లు మందను మేపిన చేతులు ఇవి. మూడేండ్లుగా వీటిని కట్టేసి కూసోబెట్టినావు. ఏటా ఎండాకాలం హొన్నూరమ్మ వాకిట్లో ఆడోళ్లంతా కాయలు ఒలుస్తా, నవ్వుకుంటా ఉంటారు. నాకు పోయి కూసోవల్లని ప్రాణం పీకేది. సంబళం మనిషి తల్లి కూలోళ్లలో కూసుంటే నీ మర్యాద పోతాదని గడప కాడ ఆకులు నమలతా కూసుంటి. ఒక్క మనిషి నాతో రెండు మాట్లు మాట్లాడితే చాలని ఆకూవక్క పెట్టి పిలుస్తా ఉంటి. నాకేమన్నా ఆ గొప్పలు చెప్పుకునే సరదానా? చెప్పేదానికి నాకు ఇంకేముందిరా ఆ ఇంట్లో?"

నేను ఇన్నాళ్లు ఆమెను గొప్పల మనిషి అనుకున్నాను. ఆమెకు తోచడం లేదన్న సంగతి నాకు తట్టనే లేదు. ఒకే కప్పు కింద ముగ్గురం ఒకరి పరువును ఒకరం కాపాడుతూ ముగ్గురమూ ఎండిపోయామన్నమాట. నా కళ్లు తడిశాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

"రెండు నెల్లు సంబళం లేకుంటే ఏం. రెండు నెల్లు నేను సంపాదిస్తా" అని మా అత్త చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని హొన్నూరమ్మ పక్కన చతికిలబడింది. "జరుగు, ఎంత చోటు కావల్లనే నీకు" అంది. హొన్నూరమ్మ జరిగింది.

ఆ చేతుల వేగం నేను చూడలేదు, వినడమే. పట్ పట్ పట్ అని ఆగకుండా మోగింది. మా ఆయన అక్కడే నిలబడి చూస్తున్నాడు. ఆ ఊళ్లో ఆయన ఎవరి గడప తొక్కినా కుర్చీ వేసేవాళ్లు. ఆ రోజు ఎవరికీ కుర్చీ గుర్తు రాలేదు. ఎవరో కొంగు కొంచెం మడిచి చోటిచ్చారు. తల్లికి ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. గింజకు దెబ్బ తగలకుండా ఎట్లా ఒలవాలో ఆయనకు ఆరుగురు ఆరు రకాలుగా చెప్పారు. అందరూ కలిసి తన తప్పులు దిద్దుతుంటే మా ఆయన అంత హాయిగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నానికి కుప్ప అయిపోయింది. కాటప్ప తట్టలు ఎత్తుకుంటుంటే మా అత్త పిలిచింది. "ఇంకా ఉండాయా నీ కాడ ఒలిచేటియ్యి?"

"ఉండాయి పెద్దమ్మా, రెండు మూటలు."

"ఒకటి నాకు ఏయి. నా పేరు మీద. కోడలి మూటలో కలపాకు. కూలి గూడా నా చేతికే ఇయ్యల్ల."

మరుసటి రోజు పొద్దున్నే నేను ఆ మూట తేవడానికి బయల్దేరుతుంటే మా ఆయన "నువ్వుండు" అని తానే పోయాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. కాసేపటికి వీధి మొదట్లో కనబడ్డాడు, ఇస్త్రీ చొక్కా భుజం మీదనే మూట పెట్టుకుని. వెనక సందు వదిలేసి, చౌడప్ప అంగడి ముందరనుంచే వస్తున్నాడు. అక్కడ బీడీలు కాల్చుకుంటూ కూర్చున్న నలుగురిలో ఒకరు అడిగారు.

"ఏంది మేష్ట్రే, ఎవురిది ఆ మూట?"

"మా అమ్మది" అన్నాడు మా ఆయన. గొంతు తగ్గించలేదు. మా ఇంటి గుమ్మం దాకా వినబడింది.